జూర్దాన్ జీవితాన్ని తెలుగులో రాయాలంటే: సేనాని, శాసనసభ్యుడు, ఒక చట్టం

ఫ్రెంచి విప్లవకాలపు సేనానులలో పలువురు యుద్ధరంగం నుంచి నేరుగా శాసనసభకు, శాసనసభ నుంచి మళ్ళీ యుద్ధరంగానికి తిరిగినవారే. అటువంటి మనిషి జీవితాన్ని తెలుగులో వ్యాసంగా రాయాలనుకునేవారు సాధారణంగా ఒక తేలిక దారి పడతారు. "సైనిక జీవితం" అని ఒక శీర్షిక, "రాజకీయ జీవితం" అని మరొక శీర్షిక పెట్టి, మొదటిదాని కింద యుద్ధాల పేర్లు, రెండోదాని కింద పదవుల పేర్లు పేర్చుకుంటూ పోతారు. చూడటానికి పొందికగానే ఉంటుంది కానీ, ఆ మనిషి ఎందుకు గుర్తుంచుకోదగినవాడో మాత్రం అందులో ఎక్కడా కనబడదు. జాఁ-బాప్తీస్త్ జూర్దాఁ (1762–1833) జీవితాన్ని ఉదాహరణగా తీసుకుని, ఇటువంటి వ్యాసాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, తేదీలను ఎలా లెక్కగట్టాలో, దేని మీద ఎంతసేపు నిలబడాలో ఇక్కడ వివరిస్తాను. అదే కాలపు ప్రముఖులైన కార్నోనో లఫాయెత్‌నో తీసుకోవచ్చు కానీ, వారి గురించి ఇప్పటికే చాలా రాశారు. జూర్దాన్ ఎక్కువ యుద్ధాలలో ఓడినవాడు కనుక అతని గురించి రాసేవారు తక్కువ.

మొదట పేరు సంగతి

ఇంగ్లీషు ద్వారా చదివినవారు ఈయనను "జీన్ బాప్టిస్ట్ జోర్డాన్" అని రాసేస్తారు. దాంతో పాఠకుడికి ముందుగా పశ్చిమాసియాలోని దేశం గుర్తుకొస్తుంది. ఫ్రెంచిలో త, ద అనే ధ్వనులు మన త, ద ల వలెనే దంత్యాలు. ట, డ లు మనకు ఇంగ్లీషు నుంచి అంటిన అలవాటు. చివరి అక్షరం ముక్కుతో పలికే దీర్ఘాచ్చు కాబట్టి, పాత పుస్తకాలలో తప్ప కనబడని అరసున్న ఇక్కడ చక్కగా పనికొస్తుంది. అయితే "జూర్దాఁకు", "జూర్దాఁచే" అని విభక్తులు చేరేసరికి కన్ను తడబడుతుంది, వెతికేవారికి దొరకదు కూడా. అందుచేత మొదటి ప్రస్తావనలో ఒక్కసారి అరసున్నతో రాసి, ఆ తరువాత "జూర్దాన్" అని స్థిరపరచుకోవడం మేలని నా అభిప్రాయం. మొదటి అక్షరం "జూన్"లోని జ వంటిదని, "జుట్టు"లోని జ వంటిది కాదని ఒక్క మాట చెబితే ఉచ్చారణ కుదురుతుంది.

అలాగని తెలుగులో ఎప్పుడో స్థిరపడిన పేర్లను సంస్కరించబోకూడదు. పారిస్, నెపోలియన్, బుస్సీ అలాగే ఉండాలి. నిజాం కొలువులో ఫ్రెంచి దళాన్ని నడిపిన రేమండ్‌ను హైదరాబాదు ప్రజలు మూసారాం చేసుకున్నారు, మూసారాంబాగ్ ఆ పేరుతోనే నిలిచింది. దానిని ఎవరు దిద్దగలరు?

పేరుతోనే వచ్చే మరో ప్రమాదం ఉంది. అదే కాలంలో దక్షిణ ఫ్రాన్సులోని అవిన్యోఁ పట్టణంలో రక్తపాతానికి పేరుమోసి, "తలలు నరికే జూర్దాన్" అనే మారుపేరు తెచ్చుకున్న మాత్యూ జూవ్ జూర్దాన్ అనే మరొకడున్నాడు. అతడిని 1794 మే నెలలో గిలటిన్‌కు (తల నరికే యంత్రానికి) పంపారు. నేను మొదటిసారి రాసుకున్న నోట్సులో ఆ అవిన్యోఁ ఉదంతం ఒకటి మన సేనాని ఖాతాలో చేరిపోయింది. చనిపోయిన నెల తరువాత ఒక మహాయుద్ధం గెలిచినట్టు కనబడేసరికి గానీ నా పొరపాటు నాకు తెలియలేదు. ఏ సమాచారం దొరికినా, అది ఏ ఊరికి సంబంధించినదో ముందు చూసుకోవాలి. మనవాడి ఊరు లిమోజ్.

తేదీలను లెక్కగట్టడం

విప్లవ ప్రభుత్వం 1793 శరత్కాలంలో కొత్త పంచాంగాన్ని అమలులోకి తెచ్చింది. సంవత్సరాల లెక్కను మాత్రం గణతంత్రం ఏర్పడిన 1792 సెప్టెంబరు 22 నుంచి మొదలుపెట్టింది. నెలలు పన్నెండు, ప్రతి నెలకూ సరిగ్గా 30 రోజులు, వారానికి బదులు పది రోజుల విభాగం, సంవత్సరాంతంలో అయిదు లేదా ఆరు అదనపు రోజులు. 1805 డిసెంబరు 31తో నెపోలియన్ దీనికి స్వస్తి చెప్పేవరకు అధికార పత్రాలన్నీ ఈ తేదీలతోనే నడిచాయి. తిథిని చూసి తేదీ చెప్పడానికి అలవాటుపడిన మనకు ఇది కష్టమైన పని కాదు. పైగా అధికమాసాల బెడద లేదు. ప్రతి సంవత్సరం ఏ రోజున మొదలైందో తెలిస్తే చాలు. మొదటి ఎనిమిదింటిలో ఎక్కువ సంవత్సరాలు సెప్టెంబరు 22న మొదలయ్యాయి. జూర్దాన్ కథకు సంబంధించినంతవరకు నాలుగవ, ఎనిమిదవ సంవత్సరాలు మాత్రం, అంతకుముందు ఏడాది ఆరో అదనపు రోజు చేరడం వలన, సెప్టెంబరు 23న మొదలయ్యాయి.

ఒకదానిని చేసి చూద్దాం. జూర్దాన్ పేరుతో పిలిచే నిర్బంధ సైనిక సేవా చట్టం మీద "ఆరవ సంవత్సరం, 19 ఫ్రుక్తిదోర్" అని ఉంటుంది. ఆరవ సంవత్సరం 1797 సెప్టెంబరు 22న మొదలై 1798 సెప్టెంబరు 21న ముగిసింది. ఫ్రుక్తిదోర్ చివరి నెల. దాని తరువాత అయిదు అదనపు రోజులున్నాయి కనుక, వెనుక నుంచి లెక్కపెడితే సెప్టెంబరు 17 నుంచి 21 వరకు ఆ అయిదు రోజులు, సెప్టెంబరు 16న ఫ్రుక్తిదోర్ 30. అక్కడి నుంచి పదకొండు రోజులు వెనక్కి వస్తే ఫ్రుక్తిదోర్ 19, అంటే 1798 సెప్టెంబరు 5. ఇదే పద్ధతిలో రెండవ సంవత్సరం మెసిదోర్ 8 అంటే 1794 జూన్ 26 అవుతుంది, ఎనిమిదవ సంవత్సరం బ్రూమేర్ 18 అంటే 1799 నవంబరు 9 అవుతుంది. వ్యాసంలో మామూలు తేదీనే వాడి, బ్రూమేర్ 18 వంటి పేరుపడిన రోజులకు మాత్రమే గణతంత్ర తేదీని చేర్చితే సరిపోతుంది. రెండూ ప్రతిచోటా రాస్తే వ్యాసం పంచాంగ శ్రవణంలా తయారవుతుంది.

సభల పేర్లకు కూడా ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. 1795 రాజ్యాంగం కింద అయిదుగురు డైరెక్టర్ల ప్రభుత్వం, రెండు సభలు ఏర్పడ్డాయి. చట్టాలను ప్రతిపాదించే సభలో 500 మంది ఉండేవారు కనుక "అయిదువందల సభ" అనవచ్చు. ఆమోదించడమో తిరస్కరించడమో మాత్రమే చేయగల 250 మంది సభకు మనకు అలవాటైన "పెద్దల సభ" అనే మాటే సరిగ్గా సరిపోతుంది. అందులో చేరాలంటే 40 ఏళ్ళు నిండి ఉండాలి, పెళ్ళయినవారో భార్య గతించినవారో అయి ఉండాలి. బ్రహ్మచారులకు ప్రవేశం లేదు.

బాల్యాన్ని క్లుప్తంగా, దుకాణాన్ని నిదానంగా

జూర్దాన్ 1762 ఏప్రిల్ 29న లిమోజ్‌లో ఒక శస్త్రవైద్యుడి కుమారుడిగా పుట్టాడు. పదహారేళ్ళయినా నిండకుండా 1778లో సైన్యంలో చేరి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి వెళ్ళిన ఫ్రెంచి దళంలో సిపాయిగా 1779లో సవన్నా ముట్టడిలో పాల్గొన్నాడు. జ్వరంతో తిరిగి వచ్చాడు. ఆ జ్వరం జీవితాంతం వచ్చి పోతూనే ఉండేది. 1784లో సైన్యం వదిలి లిమోజ్‌లో దారాలు, గుండీలు, రిబ్బన్లు అమ్మే దుకాణం పెట్టుకున్నాడు, మన ఊళ్ళలో ఫ్యాన్సీ షాపు అని పిలిచే దాని వంటిది. ఇంతవరకు ఒక పేరా చాలు.

కానీ ఆ దుకాణం దగ్గర కాసేపు ఆగాలి. పాత రాజరికంలో పెద్ద సైనిక పదవులు ప్రభు వంశాలకే దక్కేవి. ఆ వ్యవస్థ సాగి ఉంటే జూర్దాన్ ఆ గల్లాపెట్టె వెనకే ముసలివాడయ్యేవాడు. 1791లో స్వచ్ఛంద దళాలు ఏర్పడినప్పుడు వారు తమ అధికారులను తామే ఎన్నుకున్నారు. ఎగువ వియెన్ జిల్లా దళం, యుద్ధం చూసివచ్చిన ఈ దుకాణదారుడిని తన నాయకుడిగా ఎన్నుకుంది. రెండేళ్ళు తిరగకముందే, 1793లో, ఆయన డివిజన్ జనరల్ అయ్యాడు. అంటే ఆయన సైనిక జీవితం మొదలైందే ఒక ఓటుతో. ఈ ఒక్క వాస్తవాన్ని స్పష్టంగా చెబితే, తరువాత శాసనసభకు వెళ్ళడం పాఠకుడికి వింతగా తోచదు.

1794 జనవరిలో పదవి పోగొట్టుకుని లిమోజ్ చేరినప్పుడు, తన జనరల్ దుస్తులను దుకాణంలో అందరికీ కనబడేటట్టు తగిలించి మళ్ళీ వ్యాపారానికి కూర్చున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ బాగుంది కాబట్టి వదులుకోబుద్ధి కాదు. దానిని రాయండి, కానీ "అని చెబుతారు" అనే మాటతో రాయండి. పదవి పోవడం, ఊరు చేరడం వాస్తవాలు. చిలక్కొయ్యకు తగిలించిన కోటు కథ.

యుద్ధాలలో ఏది ఎంత

జెమాప్, నీర్విండెన్, హోండ్‌స్కోట్, వాతిన్యీ, ఫ్లూరుస్, ఆంబెర్గ్, వుర్జ్‌బుర్గ్, స్టాకాఖ్, తలవేరా, విట్టోరియా అని వరుసగా రాసుకుంటూ పోతే పాఠకుడు మూడో పేరు దగ్గర ఆగిపోతాడు. వీటిలో రెండింటిని మాత్రం దగ్గరగా చూపి, మిగిలినవాటికి వాక్యం చొప్పున ఇవ్వడం మంచిది.

మొదటిది 1793 అక్టోబరు 15, 16 తేదీలలో జరిగిన వాతిన్యీ. శత్రువులు చుట్టుముట్టిన మొబేజ్ కోటను విడిపించడానికి జూర్దాన్ బయలుదేరినప్పుడు, అప్పట్లో విప్లవ ప్రభుత్వాన్ని నడిపిన ప్రజా రక్షణ సమితి సభ్యుడు లజార్ కార్నో స్వయంగా వెంట వచ్చాడు. మొదటి రోజు దాడి విఫలమైంది, రెండో రోజు ఫలించింది. ఘనత ఎవరిది, వైఫల్యం ఎవరిది అనే తగువు తరువాత ఏళ్ళ తరబడి నడిచింది. ఇలాంటి చోట రచయిత తీర్పరి కుర్చీలో కూర్చోకుండా, కార్నో వైపు వారు ఏమన్నారు, జూర్దాన్ వైపు వారు ఏమన్నారు అని విడివిడిగా రాయాలి. పక్కనే రాజకీయ ప్రతినిధి నిలబడి ఉండగా ఒక జనరల్ యుద్ధం నడపడం ఎలా ఉంటుందో ఈ ఘట్టమే చెబుతుంది. యుద్ధం ముగిసిన అక్టోబరు 16నే పారిస్‌లో రాణి మారీ ఆంత్వనెత్‌ను గిలటిన్‌కు పంపారు. అప్పటి సేనానులలో కొందరు ఓటమికి తలతోనే మూల్యం చెల్లించారు. హోండ్‌స్కోట్‌లో గెలిచిన ఊషార్‌ను కూడా అదే నవంబరులో శిరచ్ఛేదం చేశారు. జూర్దాన్ పదవి మాత్రమే పోగొట్టుకోవడం ఆ లెక్కన అదృష్టమే.

రెండవది ఫ్లూరుస్. 1794 జూన్ 25న షార్లెర్వా పట్టణం ఫ్రెంచివారికి లొంగిపోయింది. ఆ సంగతి తెలియని ఆస్ట్రియా సేనాని కోబుర్గ్ రాకుమారుడు దానిని విడిపించడానికి మరునాడు ఉదయం దాడి చేశాడు. సుమారు 75 వేలమంది ఫ్రెంచి సైనికులు పట్టణం చుట్టూ అర్ధచంద్రాకారంలో బారులు తీరి ఉన్నారు. క్లెబేర్, మార్సో, లెఫెవ్ర్, షాంపియొనె వంటివారు ఒక్కొక్క భాగాన్ని కాచుకున్నారు. ఒకచోట బారు వెనక్కి జరిగితే మరోచోట నిలిచింది. సాయంత్రానికి కోబుర్గ్ వెనుదిరిగాడు. ఆ రోజు "లాంత్రప్రనాఁ" అనే బెలూనును తాళ్ళతో కట్టి పైకి పంపారు. అందులో కూతెల్ అనే నిపుణుడు, జనరల్ మొర్లో గంటల తరబడి నిలబడి శత్రువుల కదలికలను చీటీల మీద రాసి కిందికి జారవిడిచారు. యుద్ధంలో ఆకాశం నుంచి నిఘా వేయడానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. ఇక్కడే వ్యాసం పక్కదారి పట్టే ప్రమాదముంది. బెలూను ముచ్చటగా ఉంటుంది కాబట్టి దానికి రెండు పేరాలు, యుద్ధానికి రెండు వాక్యాలు దక్కుతుంటాయి. విజయం బెలూనుది కాదు, నేల మీద పగలంతా నిలిచిన దళాలది.

ఫ్లూరుస్ గురించి రాయవలసిన అసలు వాక్యం వేరే ఉంది. ఆ విజయంతో బెల్జియం ఫ్రెంచివారి చేతికొచ్చింది, 1795 అక్టోబరులో ఫ్రాన్సులో విలీనమైంది. దీనిని ఎర్ర గీత గీసి పెట్టుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

1796లో జర్మనీ మీదికి వెళ్ళిన జూర్దాన్‌ను ఆస్ట్రియా సేనాని ఆర్చిడ్యూక్ చార్లెస్ ఆగస్టు 24న ఆంబెర్గ్ వద్ద, సెప్టెంబరు 3న వుర్జ్‌బుర్గ్ వద్ద ఓడించాడు. అదే ఏడాది ఇటలీలో బోనపార్త్ (తరువాతి నెపోలియన్ చక్రవర్తి) గెలుపు మీద గెలుపు సాధిస్తున్నాడు. ఈ రెండింటినీ ఒకే పేరాలో పక్కపక్కన పెట్టాలి. ఆ దండయాత్ర గురించి జూర్దాన్ తరువాత 1818లో తానే ఒక పుస్తకం ప్రచురించి తన వాదన వినిపించాడు. ఓడిన సేనాని సొంత రాతను సాక్ష్యంగా తీసుకోవచ్చు గానీ, దాని ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

చట్టాన్ని వ్యాసం నడుమ పెట్టడం

నా సలహాలన్నిటిలో ముఖ్యమైనది ఇదే. జూర్దాన్ 1797 ఏప్రిల్‌లో అయిదువందల సభకు ఎన్నికయ్యాడు, రెండుసార్లు దానికి అధ్యక్షత వహించాడు. 1798 సెప్టెంబరు 5న ఆమోదం పొందిన సైనిక సేవా చట్టాన్ని ఆయన పేరుతోనూ సహసభ్యుడు దెల్‌బ్రెల్ పేరుతోనూ పిలుస్తారు. ఇరవై నుంచి ఇరవై అయిదేళ్ళ లోపు యువకులను పుట్టిన సంవత్సరాన్ని బట్టి అయిదు తరగతులుగా విభజించి, చిన్న వయసు వారితో మొదలుపెట్టి అవసరం మేరకు పిలవాలని, శాంతి కాలంలో సేవ అయిదేళ్ళని ఆ చట్టం నిర్దేశించింది. నెల తిరగకుండానే రెండు లక్షల మందిని పిలిచారు.

చట్టంలోని మొదటి వాక్యాన్ని అనువదించేటప్పుడు జాగ్రత్త అవసరం. "ప్రతి పౌరుడు సైనిక సేవ చేయాలి" అని రాస్తే అర్థం ఉంటుంది గానీ పస పోతుంది. మూలంలో "ఫ్రెంచివాడైన ప్రతివాడూ సైనికుడే, దేశరక్షణకు ఋణపడి ఉన్నవాడే" అనే భావం ఉంది. ఆజ్ఞ కాదు, ఋణం. మాతృఋణం, పితృఋణం అని వింటూ పెరిగిన తెలుగు పాఠకుడికి ఆ మాట బరువు విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఎర్ర గీత దగ్గరికి రావాలి. ఈ చట్టాన్ని విలీనమైన బెల్జియం జిల్లాలలో కూడా అమలు చేయబోయేసరికి 1798 అక్టోబరులో అక్కడి రైతులు తిరగబడ్డారు. డిసెంబరు నాటికి సైన్యం ఆ తిరుగుబాటును అణచివేసింది. ఆ నేలను గణతంత్రానికి గెలిచి పెట్టింది జూర్దాన్. ఆ నేల తిరగబడటానికి తక్షణ కారణమైన చట్టం మీద ఉన్నదీ జూర్దాన్ పేరే. స్వచ్ఛంద దళం ఓట్లతో పైకొచ్చిన మనిషి ఏడేళ్ళు తిరిగేసరికి నిర్బంధ సేవకు రూపకర్త అయ్యాడు. "సైనిక జీవితం", "రాజకీయ జీవితం" అని రెండు శీర్షికలు పెట్టినవారి వ్యాసంలో ఈ సంగతి కనబడదు, ఎందుకంటే సగం ఒక శీర్షిక కింద, సగం మరో శీర్షిక కింద పడిపోతుంది. తరువాత నెపోలియన్ ఐరోపా మీదికి నడిపించిన సైన్యాలు నిండినవి కూడా ఈ చట్టంతోనే.

పాలకులు మారినప్పుడు

1799 మార్చి 25న స్టాకాఖ్ వద్ద ఓడిన జూర్దాన్ మళ్ళీ సభకు వచ్చి, సెప్టెంబరులో "మాతృభూమి ప్రమాదంలో ఉంది" అని ప్రకటించాలని ప్రతిపాదించాడు. 245 ఓట్లు వ్యతిరేకంగా, 171 అనుకూలంగా పడి అది వీగిపోయింది. రెండు నెలలకు బోనపార్త్ బ్రూమేర్ 18న అధికారం చేజిక్కించుకున్నప్పుడు ఆయన వ్యతిరేకించి సభ్యత్వం పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాదే అదే బోనపార్త్ తరఫున ఉత్తర ఇటలీలోని పియెమొంతేలో పాలనాధికారిగా వెళ్ళాడు. 1804లో మార్షల్ అయ్యాడు. తరువాత తిరిగి సింహాసనమెక్కిన పాత రాజవంశమైన బూర్బన్ రాజులనూ, 1830 తరువాత లూయీ ఫిలిప్‌నూ కొలిచాడు.

ఇక్కడ "గోడమీద పిల్లి" అనే మాట కలం చివరికి వస్తుంది. ఆపుకోండి. ఒక్కొక్క మార్పు తేదీతో సహా రాసి, ఆ సమయంలో ఆయన ఏం చేశాడో చెబితే, ఆ మాట వాడాలో వద్దో పాఠకుడే తేల్చుకుంటాడు. ఉదాహరణకు 1815లో, నెపోలియన్ మార్షల్‌లలో ఒకడైన నే మీద విచారణకు ఏర్పాటైన సైనిక న్యాయస్థానానికి జూర్దాన్ అధ్యక్షుడు. విచారించే అధికారం తమకు లేదని ఆ న్యాయస్థానం నవంబరు 10న తేల్చింది. దానితో వ్యవహారం రాజ్యసరదారుల సభకు వెళ్ళి, డిసెంబరు 7న నేను కాల్చిచంపారు. (ఆ పేరు తెలుగులో తెచ్చే తంటా చూశారు కదా: "నేను కాల్చిచంపారు" అని ఎప్పుడూ రాయకూడదు, "మార్షల్ నే గారిని" అనో "నే అనే మార్షల్‌ను" అనో విడదీసి రాయాలి.)

స్పెయిన్ ఘట్టంలో జూర్దాన్, నెపోలియన్ అన్న అయిన స్పెయిన్ రాజు జోసెఫ్ బోనపార్త్‌కు సైనిక సలహాదారు. ఇతర మార్షల్‌లు ఆయన మాట వినేవారు కాదు. 1813 జూన్ 21న విట్టోరియాలో ఘోరంగా ఓడారు. ముందురోజు ఆయన జ్వరంతో మంచాన ఉన్నాడు. పారిపోయే గందరగోళంలో ఆయన మార్షల్ దండం బ్రిటిష్ సైనికుల చేతికి చిక్కింది. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ దానిని లండన్‌కు పంపితే, అందుకు ప్రతిగా బ్రిటన్ యువరాజు వెల్లింగ్టన్‌కు బ్రిటన్ ఫీల్డ్ మార్షల్ దండం పంపాడు. ఆ వెల్లింగ్టనే 1799లో శ్రీరంగపట్నం మీదికి నిజాం సైన్యంతో కలిసి నడిచిన ఆర్థర్ వెల్లెస్లీ. తెలుగు పాఠకుడికి ఈ ఒక్క వాక్యం చెబితే చాలు, కథ హైదరాబాదుకు తిప్పనవసరం లేదు.

ముగింపు దగ్గర

జూర్దాన్ 1830 ఆగస్టులో కొద్ది రోజులు విదేశాంగ శాఖ చూశాడు. ఆ తరువాత పారిస్‌లో వృద్ధ సైనికులకు ఆశ్రయమిచ్చే ఎన్వాలీద్ సంస్థకు గవర్నరుగా ఉండి, 1833 నవంబరు 23న మరణించాడు. అక్కడే సమాధి చేశారు. పారిస్ దక్షిణపు అంచున ఒక పెద్ద రహదారికి ఆయన పేరుంది. వ్యాసాన్ని ఈ రహదారితో ముగించాలని అనిపిస్తుంది గానీ, ఇంకో తేదీ మిగిలింది. 1814లో తిరిగి వచ్చిన రాజు జారీ చేసిన రాజ్యాంగ పత్రం పన్నెండవ అధికరణం నిర్బంధ సైనిక సేవను రద్దు చేసింది. 1818లో మరో చట్టం చీట్లు తీసే పద్ధతిలో దానిని పాక్షికంగా వెనక్కి తెచ్చింది. ఆ రెండూ చూడటానికి జూర్దాన్ బతికే ఉన్నాడు. నేనైతే చివరి పేరాను అక్కడ ఆపుతాను.